విదేశీ ప్రయాణంలో క్రెడిట్ కార్డు, రూపాయి: అద్దంకి సీమ వారికి ఒక పరిచయం

విదేశాలకు వెళ్ళిన మనిషి అక్కడి ఖర్చుల్ని ఇక్కడి బ్యాంకు ఇచ్చిన కార్డుతో ఎలా కడతాడు, జేబులోని రూపాయి ఏ దేశంలో ఎంతవరకు చెల్లుతుంది, ఈ రెంటిమీదా పడే రుసుములేమిటి, చట్టం ఏమంటుంది అన్నవి ఈ వ్యాస విషయాలు. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకి, దాని చుట్టూ పత్తి, మిర్చి, పొగాకు పండే ప్రకాశం–గుంటూరు మైదానం ఈ విషయానికి మంచి నమూనా. ఎమ్మెస్ చదువుకు అమెరికా వెళ్ళే పిల్లలు, కూతురి పురుటికో కోడలి పురుటికో ఆర్నెల్లు వెళ్ళివచ్చే తల్లిదండ్రులు, చీమకుర్తి, మార్టూరు వైపు నుంచి చైనా, ఐరోపా తిరిగే గ్రానైట్ వ్యాపారులు, హజ్‌కు, ముక్తినాథ్‌కు వెళ్ళే యాత్రికులు ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. డాలరు పెరిగితే గుంటూరు మిర్చి యార్డులో ఎగుమతిదారుకు సంతోషం, ఆ పక్క వీధిలోనే అమెరికా ఫీజు కట్టే తండ్రికి దిగులు.

వీళ్ళందరికీ పనికొచ్చే సూత్రం ఒకటి ఉంది. పరాయి దేశంలో కార్డు ఇచ్చినప్పుడు బిల్లు ఆ దేశపు డబ్బులోనే కట్టాలి. రూపాయల్లో కడతారా అని యంత్రం అడిగితే వద్దనాలి. ఎందుకో తెలియాలంటే రూపాయి దేశం దాటిన కథ కొంత, కార్డు బిల్లు తయారయ్యే తీరు కొంత తెలియాలి.

మోటుపల్లి, రంగం, గల్ఫ్

అద్దంకికి తూర్పుగా, చినగంజాం దగ్గర సముద్రతీరాన మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం విదేశీ వర్తకులకు ఇచ్చిన హామీపత్రం. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పాత అలవాటును ఆపి, ఎగుమతి దిగుమతుల మీద సుంకాన్ని ముప్పయ్యింట ఒక వంతుగా నిర్ణయించింది. అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి 1358లో అదే రేవులో అలాంటి హామీయే మళ్ళీ ఇచ్చాడు. ముప్పయ్యింట ఒక వంతంటే నూటికి మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. ఇప్పుడు మన బ్యాంకుల్లో చాలావాటి మామూలు కార్డును విదేశంలో వాడితే పడే మార్కప్ అనే అదనపు రుసుము నూటికి మూడున్నర, దానిమీద జీఎస్టీ వేరే. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళలో ఈ దారిలో సుంకం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

రూపాయి తనంతట తానే సముద్రం దాటి చెల్లిన కాలం ఒకటుంది. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, అక్కడి నాణెం కూడా రూపాయే. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన తెలుగు కూలీకి మారకం బెడద ఉండేది కాదు. సొంతూళ్ళో ఏ రూపాయి చెల్లేదో రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో ఆ రూపాయే కూలిగా చేతికి వచ్చేది. విడిపోయాక కూడా కొన్నేళ్ళు అక్కడి కరెన్సీ వ్యవహారాలు మన రిజర్వు బ్యాంకే చూసింది.

గల్ఫ్ కథ ఇంకా చిత్రమైనది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఇప్పటి యూఏఈ ప్రాంతాల్లో మన రూపాయే వాడుకలో ఉండేది. దాన్ని అడ్డం పెట్టుకుని బంగారం దొంగ రవాణా పెరగడంతో 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగుల్లో, వరుస సంఖ్యకు ముందు ఇంగ్లీషు జడ్ అక్షరంతో ప్రత్యేక నోట్లు అచ్చువేసింది. హజ్ యాత్రికులకు పది, వంద రూపాయల హజ్ నోట్లు విడిగా ఉండేవి. అవి ఇండియాలో బజారులో చెల్లేవి కావు. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దీనార్లకు మారాయి. 1966 జూన్ 6న డాలరుకు 4 రూపాయల 76 పైసలున్న విలువను 7 రూపాయల 50 పైసలకు తగ్గించేసరికి, రూపాయిని నమ్ముకున్న మిగతా గల్ఫ్ రాజ్యాలు కూడా దండం పెట్టి తప్పుకున్నాయి. ఒమాన్ ఒక్కటి 1970 దాకా లాగింది. ఈనాడు గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాళ్ళు ఇంటికి పంపేది దీనార్లు, దిర్హాములు. వాళ్ళ తాతల కాలంలో అదే ఇసుకలో చెల్లింది మన రూపాయి అంటే ఇవాళ నమ్మడం కష్టం.

ఎనిమిది డాలర్ల కాలం

1947, 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టాల కింద దేశంలోకి వచ్చిన ప్రతి డాలరూ ప్రభుత్వానిదే. బయటికి వెళ్ళేవాడు విమానం టికెట్టు కొనాలన్నా పీ-ఫారం కావాలి. ఆ తరంలో అమెరికా వెళ్ళిన గుంటూరు వైద్య కళాశాల డాక్టర్లు, ఇంజనీర్లు చెప్పుకునే ఎనిమిది డాలర్ల కథ ఆ కాలపుదే. జేబులో అధికారికంగా ఉన్నది ఎనిమిది డాలర్లు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళడానికి ఎవరో తెలిసినవారు కారు తేవాలి.

ఇందులో ఈ సీమకు ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. విదేశీ మారకం తెచ్చిపెట్టే పంటల్లో వర్జీనియా పొగాకు ముఖ్యమైనది. దాని ఎగుమతులు చూసుకోవడానికి కేంద్రం 1976లో పెట్టిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. బ్యారన్‌లో ఆకు కాల్చి దేశానికి డాలర్లు తెచ్చిన రైతు, తన కొడుకును పంపేటప్పుడు ఎనిమిది డాలర్లకు మించి ఇవ్వలేకపోయాడు.

1991 విదేశీ మారక సంక్షోభం తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. 1994 ఆగస్టులో రూపాయికి కరెంటు ఖాతా మార్పిడి స్వేచ్ఛ వచ్చింది. నియంత్రణ చట్టం స్థానంలో విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, 2000 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ అనే సరళీకృత చెల్లింపుల పథకం తెచ్చి, మనిషికి 25,000 డాలర్లు బయటికి పంపుకోవచ్చంది. ఆ పరిమితి పెరుగుతూ పోయి, 2013 ఆగస్టులో రూపాయి కుప్పకూలినప్పుడు ఒక్కసారిగా 75,000కు తగ్గి, 2015 నాటికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లయింది. ఎనిమిదికీ రెండున్నర లక్షలకీ మధ్య పట్టింది ఒక తరం కాలమే.

కార్డు ఎలా వచ్చింది

కార్డుకు ముందు ట్రావెలర్స్ చెక్కులుండేవి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాటిని 1891లో మొదలుపెట్టింది. కొన్నప్పుడు ఒక సంతకం, మార్చేటప్పుడు గుమాస్తా ఎదుట రెండో సంతకం, రెండూ కలిస్తేనే డబ్బు. ఇప్పుడవి దాదాపు కనుమరుగయ్యాయి.

మన దేశంలో 1961లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది కానీ అది బొంబాయి, ఢిల్లీ పెద్దమనుషుల వ్యవహారం. బ్యాంకు ఇచ్చే క్రెడిట్ కార్డును 1980లో సెంట్రల్ బ్యాంకు తెస్తే, ఆ మరుసటేడే అందుకున్నది తెలుగువారి బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డులిచ్చి, ఆ రంగంలో తొలి అడుగులు వేసిన బ్యాంకుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2024 మొదట్లో దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య పది కోట్లు దాటింది.

అద్దంకి వంటి పట్టణంలో చాలా ఇళ్ళకు విదేశీ కార్డు లావాదేవీ పరిచయమయ్యేది ప్రయాణంలో కాదు, ప్రయాణానికి ముందు. అమెరికా విద్యార్థి వీసాకు వెళ్ళేవాడు కట్టాల్సిన సెవిస్ రుసుము 350 డాలర్లు. దాన్ని అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో కట్టాలి. ఇంట్లో అంతర్జాతీయ కార్డు లేకపోతే హైదరాబాదులో ఉన్న బావనో, స్నేహితుడి అన్ననో పట్టుకుంటారు. కార్డు ఉన్నా ఒక్కోసారి పనిచేయదు. కారణం 2020 జనవరి 15 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. దాని ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోపల ఏటీఎంలో, దుకాణంలో మాత్రమే పనిచేస్తుంది. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేయడం, ఇవన్నీ కార్డుదారు తనే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి, ఎంతవరకు అన్న పరిమితి కూడా తనే పెట్టుకోవచ్చు. దుబాయ్ కౌంటరు ముందు నిలబడి కార్డు పనిచేయడం లేదని కంగారు పడేవారిలో ఎక్కువమందికి వచ్చిన జబ్బు ఇదే. మందు ఊళ్ళోనే వేసుకుని బయల్దేరాలి.

బిల్లు తయారయ్యే తీరు

దుబాయ్‌లో 500 దిర్హాముల వస్తువు కొన్నారనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి దిర్హం 24 రూపాయలనుకుంటే దాని విలువ 12,000. కార్డు నెట్‌వర్కు, అంటే వీసా, మాస్టర్‌కార్డ్ వంటి సంస్థ, తన రోజువారీ రేటుతో దిర్హాముల్ని రూపాయలుగా మారుస్తుంది. ఈ రేటు చాలావరకు నిక్కచ్చిగానే ఉంటుంది, వీధిలో నోట్లు మార్చేవాడు ఇచ్చేదానికన్నా నయం. దానిమీద మన బ్యాంకు మార్కప్ వేస్తుంది. మూడున్నర శాతమైతే 420 రూపాయలు. ఆ 420 మీద 18 శాతం జీఎస్టీ 75 రూపాయల 60 పైసలు. మొత్తం 12,495 రూపాయల 60 పైసలు. స్టేట్‌మెంటులో ఇవి ఒక్కచోట కనబడవు. కొనుగోలు ఒక వరుసలో, మార్కప్ మరో వరుసలో, పన్ను ఇంకో వరుసలో, ఒక్కోసారి వేర్వేరు తేదీలతో వస్తాయి. అందుకే ఎంత పోయిందో చాలామంది కూడి చూసుకోరు.

కార్డు పెట్టిన రోజు రేటు వేరు, దుకాణం బ్యాంకు లెక్క పంపి ఖాతా తేలిన రోజు రేటు వేరు కావచ్చు. ఒకటి రెండు రోజుల్లో రూపాయి జారితే ఆ తేడా మనదే.

మార్కప్ అన్ని కార్డులకూ ఒకటి కాదు. రెండు శాతం తీసుకునేవి ఉన్నాయి, అసలు తీసుకోనివీ ఉన్నాయి. ఏడాదికొకసారి బిడ్డ దగ్గరికి వెళ్ళేవారు పాయింట్లు, లాంజ్ ప్రవేశాలు చూసి మురిసిపోయే బదులు ఈ ఒక్క సంఖ్య అడిగి కార్డు ఎంచుకోవడం మంచిది.

ఒక పని మాత్రం చేయకూడదు. క్రెడిట్ కార్డుతో విదేశీ ఏటీఎంలో నగదు తీయడం. కొనుగోలుకు ఉండే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు. తీసిన రోజునుంచే వడ్డీ మొదలవుతుంది, నగదు రుసుము, మార్కప్, ఏటీఎం యజమాని వేసే చార్జీ దానికి తోడవుతాయి. నగదు కావాలంటే డెబిట్ కార్డో, ఫారెక్స్ కార్డో వాడాలి. ఫారెక్స్ కార్డంటే ముందుగానే డాలర్లో, యూరోలో నింపిన కార్డు. నింపిన రోజు రేటు ఖాయమైపోతుంది కాబట్టి తర్వాత రూపాయి పడినా బాధ లేదు. కానీ డాలర్లు నింపిన కార్డును థాయ్‌లాండ్‌లో వాడితే మళ్ళీ మార్పిడి రుసుము పడుతుంది. ఈ సంగతి అమ్మేవాడు తనంతట తాను చెప్పడు.

తెరమీది రూపాయి

ఇప్పుడు అసలు విషయం. అదే దుబాయ్ కౌంటరులో మన కార్డు పెట్టగానే యంత్రం దాని మొదటి అంకెలు చూసి ఇది భారతీయ బ్యాంకుదని గుర్తుపడుతుంది. తెరమీద రెండు వరుసలు వస్తాయి. ఒకటి 500 దిర్హాములు. రెండోది 12,600 రూపాయలు. రూపాయల వరుస ఒక్కోసారి పైన, పెద్ద అక్షరాల్లో, ఆకుపచ్చ బొత్తాంతో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో దిర్హాముకు 25 రూపాయల 20 పైసల రేటు, అందులో కలిసిన అయిదు శాతం మార్జిన్ ఉంటాయి. కౌంటరులో ఉన్నాయన చిరునవ్వుతో యంత్రం మనవైపు తిప్పుతాడు, లేదా అడక్కుండా తనే రూపాయల బొత్తాం నొక్కేస్తాడు.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, పొట్టిగా డీసీసీ. ఇక్కడ మార్పిడి చేసేది మన బ్యాంకు కాదు, వీసా, మాస్టర్‌కార్డూ కాదు. దుకాణానికి యంత్రం ఇచ్చిన బ్యాంకు, దానితో కుదుర్చుకున్న సంస్థ. మార్జిన్‌లో దుకాణదారుకు కూడా వాటా ఉంటుంది, అందుకే ఆ చిరునవ్వు. పైన అనుకున్న అయిదు శాతం ఉదాహరణకే. ఇంతకన్నా ఎక్కువ వేసే చోట్లు ఉన్నాయి.

రూపాయల్లో కట్టేశాం కాబట్టి మన బ్యాంకు మార్కప్ తప్పిందని అనుకుంటే అది సగం నిజమే. మన బ్యాంకుల్లో కొన్ని విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీ మీద కూడా విడిగా రుసుము వేస్తాయి. అది ఒక శాతమైతే 126 రూపాయలు, జీఎస్టీ 22 రూపాయల 68 పైసలు. మొత్తం 12,748 రూపాయల 68 పైసలు. దిర్హాముల్లో కట్టి ఉంటే 12,495 రూపాయల 60 పైసలతో పోయేది. తేడా 253 రూపాయలు. మార్కప్ లేని కార్డయితే తేడా 748కి పెరుగుతుంది, అంటే మంచి కార్డు తీసుకున్నవాడే ఇక్కడ ఎక్కువ నష్టపోతాడు. మామూలు కార్డుకు ఒక్కో బిల్లులో తేడా కొద్దిగానే కనిపించినా, నెలరోజుల ఐరోపా యాత్రలో ప్రతి హోటల్లో, ప్రతి దుకాణంలో ఇదే జరిగితే చెప్పుకోదగ్గ మొత్తమే పోతుంది.

పచ్చిగా చెప్పాలంటే డీసీసీ అమ్మేది ధైర్యం. తెలిసిన రూపాయి అంకె కళ్ళముందు కనబడితే మనసు కుదుటపడుతుంది, ఆ నిబ్బరానికి అయిదు శాతం కట్టించుకుంటారు. రంగంలో, కువైట్‌లో చెల్లిన రూపాయి నిజంగా చేతులు మారిన రూపాయి. ఈ తెరమీది రూపాయి కాదు. దుకాణదారుకు చివరికి అందేది దిర్హాములే.

కార్డు సంస్థల నిబంధనల ప్రకారం ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకునే హక్కు కార్డుదారుదే. దుకాణదారు తనే నొక్కేస్తే, రసీదు రూపాయల్లో వస్తే, అక్కడే ఆ లావాదేవీని రద్దు చేయించి స్థానిక కరెన్సీలో మళ్ళీ చేయించుకోవచ్చు. దుకాణం దాటాక అది కష్టం. ఏటీఎంలోనూ ఇదే అడుగుతుంది, మరింత గడుసుగా. మార్పిడికి ఒప్పుకోను అన్న బొత్తాం నొక్కితే డబ్బే రాదేమో అనిపించేలా రాస్తారు. భయపడనక్కర్లేదు, నొక్కితే డబ్బు వస్తుంది, మార్పిడి మాత్రం మన కార్డు నెట్‌వర్కు చేస్తుంది.

దీనికి తమ్ముడి వరస మరొకటి ఇంట్లో కూర్చున్నవారికీ ఎదురవుతుంది. కొన్ని విదేశీ విమాన, హోటల్ వెబ్‌సైట్లు ధర రూపాయల్లోనే చూపి డబ్బు మాత్రం విదేశంలో తీసుకుంటాయి. స్టేట్‌మెంటులో మార్కప్ చూసి అప్పుడు తెలుస్తుంది.

చేతిలో నోట్లు

నేపాల్, భూటాన్ తప్ప మిగతా దేశాలకు వెళ్ళే భారత నివాసి 25,000 రూపాయల దాకా మన నోట్లు తీసుకెళ్ళవచ్చు, తిరిగి తేవచ్చు. దుబాయ్ గోల్డ్ సూక్‌లో, సింగపూర్ ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల రూపాయల్ని మార్చేవారు దొరుకుతారు, రేటు మాత్రం వాళ్ళిష్టం. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం నుంచి ఊరికి రావడానికి సరిపడా ఉంచుకోవడానికే ఈ నోట్లు పనికొస్తాయి.

విదేశీ నోట్లు ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా తీసుకోవచ్చు. మిగతాది కార్డు రూపంలోనే. హజ్, ఉమ్రా యాత్రికులకు ఇందులో మినహాయింపు ఉంది. కొనేటప్పుడు 50,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు, ఆపైన చెక్కో, ఖాతా బదిలీయో. అధీకృత డీలరు దగ్గర లక్ష రూపాయల మార్పిడికి జీఎస్టీ 180 రూపాయలు పడుతుంది, ఎంత చిన్న మొత్తమైనా 45 తప్పదు. రసీదు లేకుండా కొంచెం మంచి రేటు ఇస్తానన్నవాడి దగ్గర కొనడం ఫెమా ఉల్లంఘన, దొంగనోటు వస్తే అడిగే దిక్కు కూడా ఉండదు.

తిరిగొచ్చాక మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల దాకా దాచుకోవచ్చు, అంతకు మించినది 180 రోజుల్లో బ్యాంకుకో డీలరుకో ఇచ్చేయాలి. వచ్చేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లూ చెక్కులూ కలిపి 10,000 దాటినా కస్టమ్స్‌లో ప్రకటన ఇవ్వాలి.

స్వదేశీ నోట్లను విదేశంలో దాచుకోవడంలో ఉన్న ప్రమాదం 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దుతో తెలిసివచ్చింది. ఇండియా వచ్చినప్పుడు ఆటోకూ టిఫినుకూ ఉంటాయని పాస్‌పోర్టు కవరులో అయిదొందలు, వెయ్యి నోట్లు దాచుకున్న ప్రవాసులు ఎందరో. ఆ సమయంలో విదేశంలో ఉన్న భారత నివాసులకు 2017 మార్చి 31 దాకా, ప్రవాస భారతీయులకు జూన్ 30 దాకా మార్చుకునే గడువిచ్చారు. అదీ స్వయంగా వచ్చి, కస్టమ్స్‌లో చూపించి, రిజర్వు బ్యాంకు కార్యాలయంలో. పదివేలు మార్చడానికి అట్లాంటా నుంచి ఎవరొస్తారు?

పన్ను సంగతి

2020 అక్టోబరు నుంచి ఎల్ఆర్ఎస్ చెల్లింపుల మీద మూలం వద్ద పన్ను వసూలు, అంటే టీసీఎస్, మొదలైంది. 2023 మే 16న ప్రభుత్వం క్రెడిట్ కార్డు ఖర్చును కూడా ఎల్ఆర్ఎస్‌లోకి తెస్తున్నట్టు ప్రకటించింది. విదేశంలో కాఫీ తాగినా ఇరవై శాతం పట్టుకుంటారా అని గగ్గోలు పుట్టింది. మూడు రోజుల్లో ఏడు లక్షల దాకా మినహాయింపన్నారు, జూన్ 28న ఏకంగా వాయిదా వేశారు. దాంతో విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో పెట్టిన ఖర్చు ఎల్ఆర్ఎస్ లెక్కలోకి రాదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు ఖర్చు వస్తుంది. మినహాయింపు పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి పది లక్షలయింది. రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతున్నాయి కాబట్టి కట్టేముందు ఆ ఏటి రేటు అడగాలి. టీసీఎస్‌గా పోయిన డబ్బు పోయినట్టు కాదు, ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. కాకపోతే రిటర్ను వేయని రైతు కుటుంబాలు దాన్ని వదిలేసుకుంటున్నాయి. అది చేతులారా చేసుకునే నష్టం.

ఏ దేశంలో ఎలా

అమెరికాలో పెట్రోలు బంకు పంపు కార్డు పెట్టగానే కార్డు బిల్లింగ్ చిరునామా జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్ కోడ్ దానికి ఎక్కదు. లోపలికెళ్ళి కౌంటరులో కార్డిచ్చి పంపు నంబరు చెబితే సరి. భోజనశాలలో కార్డు తీసుకుని లోపలికి వెళ్ళిపోతారు, తెచ్చిన చీటీమీద టిప్పు మనమే రాసి సంతకం పెట్టాలి, కాబట్టి మొదట వచ్చిన ఎస్సెమ్మెస్‌లోని మొత్తం, చివరి బిల్లు ఒకటి కావు. హోటళ్ళు, అద్దె కార్లవాళ్ళు బిల్లుకన్నా ఎక్కువ మొత్తాన్ని ముందుగా ఆపిపెడతారు, అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. కార్డు పరిమితి చిన్నదైతే ఈలోగా వేరే ఖర్చుకు అడ్డం పడుతుంది.

చైనాలో, గ్వాంగ్జౌ కాంటన్ ప్రదర్శనకో, షియామెన్ రాతి ప్రదర్శనకో వెళ్ళే మన గ్రానైట్ వ్యాపారికి పెద్ద హోటల్లో తప్ప వీసా, మాస్టర్‌కార్డ్ గీకే యంత్రం కనబడడం అరుదు. అక్కడ అంతా అలీపే, వీచాట్. 2023 నుంచి వాటిలో విదేశీ కార్డు కలుపుకోవడం తేలికైంది. 200 యువాన్లలోపు బిల్లుకు అదనపు రుసుము లేదు, దాటితే మూడు శాతం. మన బ్యాంకు మార్కప్ దానికి వేరు.

నేపాల్, భూటాన్ వెళ్ళడానికి మన బ్యాంకులు విదేశీ మారకం ఇవ్వవు, అవసరమూ లేదు. భూటాన్ ఙుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. నేపాలీ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు వెళ్ళేవారు వంద రూపాయల కట్టలు పట్టుకెళ్ళే అలవాటు అక్కడి పెద్ద నోట్ల ఆంక్షల వల్ల వచ్చింది. 2018లో నేపాల్ వందకు పైనున్న మన నోట్లను నిషేధించింది. ఈ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోవాలి.

ఫోన్లో క్యూఆర్ కోడ్ కొట్టి కట్టే అలవాటు మనవాళ్ళను అక్కడా వదలదు. యూపీఐ 2021 జులైలో భూటాన్‌లో మొదలై, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లకు, అదే నెల ప్యారిస్ ఐఫిల్ టవర్ టికెట్టు దాకా వెళ్ళింది. ఆ మార్చిలో నేపాల్ చేరింది. అన్ని దుకాణాల్లో పనిచేస్తుందని అనుకోకూడదు. నిజానికి మన రూపాయి ఖాతా నుంచి నేరుగా కట్టే ఈ దారే పాత రంగం రోజులకు కొంత దగ్గర, కానీ మార్పిడి రేటు ఇక్కడా ఉంటుంది, నొక్కేముందు చూడాలి.

ఎదురు ప్రయాణం

డాలస్ నుంచి సంక్రాంతికి అద్దంకి వచ్చిన కొడుకు సమస్య ఇంకో రకం. హైదరాబాదు హోటల్లో అతని అమెరికా కార్డు పనిచేస్తుంది, శింగరకొండ తిరునాళ్ళలో బొమ్మల బండి దగ్గర పనిచేయదు. ఆ బండి మీద క్యూఆర్ బోర్డు ఉంది. ఎన్ఆర్‌ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలున్న ప్రవాసులు అమెరికా సహా కొన్ని దేశాల ఫోను నంబర్లతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 నుంచి ఉంది. ఖాతా లేనివాళ్ళు నాన్న ఫోను అడుగుతారు. హోటల్లో యంత్రం డాలర్లలో కడతారా అంటే అతను చెప్పాల్సింది కూడా అదే జవాబు: వద్దు, రూపాయల్లోనే. సూత్రం తిరగబడలేదు, దేశం మారింది.

పోగొట్టుకుంటే, మోసం జరిగితే

మన దేశంలో అలవాటైన ఓటీపీ చాలా విదేశీ వెబ్‌సైట్లు అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు. కాబట్టి అవసరం తీరగానే విదేశీ ఆన్‌లైన్ వాడకాన్ని యాప్‌లో మూసేయడం మంచిది. ఇండియా సిమ్ రోమింగ్‌లో ప్రాణంతో ఉండాలి, లేకపోతే బ్యాంకు హెచ్చరికలు అందవు. పెద్దవాళ్ళను పంపేటప్పుడు పిల్లలు తమ ఖాతామీద యాడ్-ఆన్ కార్డు తీసి పరిమితి చిన్నదిగా పెట్టి ఇస్తే ఇద్దరికీ నిశ్చింత. రెండు కార్డులుంటే ఒకటి పర్సులో, ఒకటి పెట్టెలో ఉండాలి.

2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, మన తప్పు లేకుండా బయటివాడు చేసిన మోసాన్ని బ్యాంకు సందేశం వచ్చిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భరించాలి. డీసీసీ మాత్రం మోసం కింద రాదు, బొత్తాం మీరే నొక్కారంటారు. రసీదు దాచుకుని, ఎంచుకునే అవకాశం ఇవ్వలేదని రాతపూర్వకంగా బ్యాంకుకు చెప్పాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే 14448 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.